పెద్దమ్మ ముగించిన సినిమాలు

మొన్న ఆదివారం మా మనవరాలు ఫోనులో కొత్త సినిమా చూస్తుంటే దాని స్నేహితురాలు ఫోను చేసింది. ఆ పిల్ల అప్పటికే ఆ సినిమా చూసేసిందట. ఏదో చెప్పబోయేసరికి మా పిల్ల ఇల్లెగిరిపోయేలా కేక పెట్టి, క్లైమాక్స్ చెప్పావంటే ఇక నీతో మాటల్లేవు పొమ్మంది. సినిమా ముగింపు చెప్పడం ఎప్పటినుంచి ఇంత నేరమైందో నాకు తెలియదు. మా కాలంలో ముగింపు బాగా చెప్పగలిగిన మనిషికి ఊళ్ళో ఉన్న మర్యాద పంచాయతీ మెంబరుకు కూడా లేదంటే, నా ఈడువాళ్ళు నమ్ముతారు.

మాది కర్ణాటకలో, కోలారు జిల్లా టేకల్ దగ్గర పల్లె. రాగిచేను, మామిడితోపు, పట్టుపురుగుల కోసం మల్బరీ తోట, వీటన్నిటికంటే పట్టుదలగా వేళ పాటించే ఆవులు మా సంపద. సినిమా చూడాలంటే రైలెక్కి మాలూరు పోవాలి. తెలుగు సినిమా రీళ్ళ పెట్టె బెంగళూరులో ఆడి, కోలారులో ఆడి, కేజీఎఫ్‌లో తమిళ సినిమాల మధ్య సందు దొరికినప్పుడు ఆడి, ఇక చూసేవాళ్ళు మిగల్లేదనుకున్నాక మాలూరులో దిగేది. అప్పటికి తెరనిండా వాన కురుస్తున్నట్టు గీతలు, ఒకటి రెండు పాటలు ఎగిరిపోయి ఉండేవి. అయినా పెట్టె వచ్చిందన్న కబురు తెలిస్తే చాలు, మా వీధి ఆడవాళ్ళ ముఖాలు చూడాలి!

పోయేది మధ్యాహ్నం ఆటకు. చిక్కల్లా తిరుగు రైలుబండితోనే వచ్చేది. సాయంత్రం పాలు పిండే వేళకు ఇల్లు చేరాలంటే ఆట పూర్తికాకముందే స్టేషనుకు పరుగెత్తాలి. హాలు తలుపు దగ్గరుండే పెద్దాయనకు ఈ సంగతి తెలుసు గనుక, కథ మంచి పట్టులో ఉన్నప్పుడే పక్కతలుపు తీసి, "ఇంగ లేయండమ్మా టేకల్ వాళ్ళు, బండి టైమాయ" అని పిలిచేవాడు. అమ్మ తెరవైపే చూస్తూ వెనక్కి నడిచి, ఎవరి కాలో తొక్కి, తిట్లు తిని బయటపడేది. ఒక్క సినిమా అయినా చివరిదాకా కూర్చుని చూడాలని ఆమెకున్న ఆశ మా ఇంటిల్లిపాదికీ తెలుసు.

మా నాన్న అన్నగారి భార్య మా పెద్దమ్మ. వాళ్ళింట్లో పాడి లేదు. అందుకని ఆమె నింపాదిగా ఆట ముగిసేదాకా కూర్చుని, సరుకులు కొనుక్కుని, బస్సులో వచ్చేది. మరునాడు మల్బరీ ఆకు కోస్తూ అమ్మ, "అక్కా, కడాకు ఏమాయ?" అని అడగడమే ఆలస్యం. విలను దగ్గూ, అత్తగారి సాధింపూ, హీరో అమ్మను పిలిచే పిలుపూ అన్నీ పెద్దమ్మ గొంతులోనే పలికేవి. కోసే చేతులు ఆగిపోయేవి. నాన్న గట్టుమీద నిలబడి, "ఆడ ఇంట్లో పురుగులు ఆకలికి తలలెత్తుకోని చూస్తుండాయి" అని అరిచి, ఆ తరువాత తనూ అక్కడే నిలబడి వినేవాడు. ఆమె కథల్లో విడిపోయినవాళ్ళు తప్పకుండా కలిసేవాళ్ళు. ఆహా, ఆ చెప్పడం! నేను తరువాత ఎన్నో సినిమాలు చూశాను గాని, ఆమె నోటి వెంట విన్నంత బాగా ఒక్కటీ కనబడలేదు.

వాటిలో అమ్మకు ప్రాణమైన సినిమా ఒకటుంది. నేను పుట్టకముందు చూసిందట. హీరోయిన్ పుట్టెడు కష్టాలు పడి, చివరికి ఆడపిల్లను కంటే, అత్తగారే ఉయ్యాల వేయించి పేరు పెడుతుందని పెద్దమ్మ చెప్పింది. ఆ బిడ్డ పేరే అమ్మ నాకు పెట్టింది. సినిమాలో పేరని చిన్నప్పుడు నేను బడిలో ఎంత గొప్పలు పోయానో.

నా పెళ్ళి కుదిరిన ఏడాది పట్టుగూళ్ళు మంచి ధర పలికాయని నాన్న ఉత్సాహంగా కేజీఎఫ్ పోయి, టీవీ, వీసీఆర్ అద్దెకు తెచ్చాడు. తమిళ క్యాసెట్ల గుట్టలో వెతికి వెతికి అమ్మకిష్టమైన ఆ సినిమానే పట్టుకొచ్చాడు. ఖాళీగా ఉన్న పట్టుపురుగుల ఇల్లు కడిగి, చాపలు పరిచి, ఆ సాయంత్రం ఆవుల సంగతి తను చూసుకుంటానని అమ్మను అందరికంటే ముందు కూర్చోబెట్టాడు. బండి వేళకు లేచిపోయే చోటు రాగానే అమ్మ అలవాటుకొద్దీ సగం లేచింది. అందరం నవ్వాం. పెద్దమ్మ ఒక్కతే నవ్వలేదు.

కాసేపటికి హీరోయిన్ కానుపులో చనిపోయింది. ఉయ్యాలా లేదు, పేరూ లేదు. తండ్రి చేతుల్లో పసిబిడ్డ ఏడుస్తుండగా సినిమా అయిపోయింది. ఆడవాళ్ళంతా పెద్దమ్మవైపు తిరిగారు. నా పేరెవరో లాక్కున్నట్టయింది నాకు. అంతకంటే, తోబుట్టువుల్లా మెలిగిన ఆ తోడికోడళ్ళు ఇక మాట్లాడుకోరేమోనని భయం వేసింది.

"ఇన్నేండ్లూ అబద్ధం చెప్తివా అక్కా?" అంది అమ్మ.

"ఆ పొద్దు నువ్వు ఒట్టి మనిషివి కాదు గదమ్మీ. ఆ పిల్ల కానుపులో చచ్చిపాయనని నీకెట్ల చెప్పేది? నోరు రాలేదు. ఇంగ ఆపొద్దునించీ అదే అలవాటైపాయ" అంది పెద్దమ్మ, తలెత్తకుండా.

అమ్మ లేచి ఆవుల కొట్టంలోకి పోయి చాలాసేపు రాలేదు. వచ్చాక పెద్దమ్మను ఒరుసుకుని కూర్చుని, "నువ్వు చెప్పిందే బాగుండాది. అదే ఉండనీ" అంది. నా పేరు నాకు తిరిగి దక్కింది.

ఆ తరువాత కేబులు వచ్చింది, ఇంటిమీద డిష్షు గొడుగు వచ్చింది, ఇప్పుడు సినిమా అరచేతిలోకే వచ్చేసింది. నేను వీటిని ఆడిపోసుకునేదాన్ని కాను. కావలసినప్పుడు ఆపి, పాలు పొంగకుండా చూసుకుని, మళ్ళీ చూసే వీలు మా అమ్మ తరానికి ఉంటే ఎంత బాగుండేదో అనుకుంటాను. కానీ ఇంటికి టీవీ వచ్చాక కూడా అమ్మ, కథ పట్టులో పడగానే ఆవును చూసొస్తానని లేచి పెద్దమ్మ ఇంటికి పోయేది. ఆవులను అమ్మేశాక కూడా అదే సాకు. ఆ సినిమా పెద్దమ్మ చూసి ఉండనక్కరలేదు. అమ్మ మొదలు చెబితే, ఆమె కడదాకా అల్లేది.

ఇప్పుడు ముగింపు కోసం ఎవరి గడపా తొక్కనక్కరలేదు, ఎవరికోసమూ ఎవరూ కల్పించి చెప్పనక్కరలేదు. పెద్దమ్మ పోయిన కొన్నాళ్ళకు టీవీలో ఏదో సినిమా వేశారు. కథ పట్టులో పడింది, అమ్మ లేవలేదు. చివరిదాకా చూసింది. తెరమీద విడిపోయినవాళ్ళంతా కలిసి నవ్వుతుంటే, మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.