గుసగుసల టీచర్ పరీక్ష పాఠం

మా నర్సరీ స్కూలుకి ట్రైనింగ్ కాలేజీ నుంచి ఏటా అమ్మాయిలు ప్రాక్టీసుకి వస్తారు. వచ్చిన ప్రతి అమ్మాయి చేతిలోనూ ఒకటే గుడ్డసంచి, అందులో ఒకటే గుడ్డ కుందేలు. కాలేజీలో ఆ ఒక్క పాఠమే నేర్పుతారో ఏమో! కుందేలు సంచిలోంచి తొంగిచూడాలి, పిల్లలు ఆశ్చర్యపోవాలి, వెనక కుర్చీలో కూర్చున్న కాలేజీ సూపర్‌వైజర్ మేడం టిక్కు కొట్టుకోవాలి. మా పిల్లలకి ఆ కుందేలు మొహం మొత్తి చాలాకాలమైంది. ఆ మాట ఎంత మొత్తుకున్నా మేడం చెవికెక్కదు. "మీకు కొత్త పద్ధతులంటే పడదండీ" అని నవ్వేస్తుంది. నాకు ఒళ్ళు మండిపోతుంది.

ఈసారి వచ్చినావిడ ముప్ఫై దాటిన మనిషి. ఇన్నాళ్ళూ వాళ్ళన్నయ్య బట్టలకొట్టులో కౌంటరు దగ్గర నిలబడింది. గొంతు పెగలదు. వచ్చిన రోజే పిల్లలు "గుసగుసల టీచర్" అని పేరు పెట్టేశారు. కిందటేడు ఈ ప్రాక్టీసు పరీక్షలోనే తప్పింది. ఈసారీ తప్పితే చదువు కట్టిపెట్టి కొట్టుకి వచ్చెయ్యమని అన్నయ్య తేల్చి చెప్పేశాడట.

పిల్లలతో మాత్రం ఎంత బాగుండేదో! వాళ్ళతోపాటు చాపమీద చతికిలబడి, మట్టిముద్దలు చేస్తూ, వాళ్ళు చెప్పేది వినేది. ఆవిడ మాట వినబడాలంటే పిల్లలే నోళ్ళు మూసుకుని దగ్గరికి జరిగేవాళ్ళు. నేను గొంతు చించుకున్నా సాధించలేనిది అది.

"పరీక్షరోజు కూడా ఇలాగే కూర్చోవమ్మా, ఆ కుందేలు గోల వద్దు" అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను.

"అమ్మో, సంచి లేకపోతే మేడం ఊరుకోరక్కా!" అంది.

పరీక్షరోజు మేడం ఫైలు ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంది, నేను పక్కన నిలబడ్డాను. మా మనిషి బోర్డు దగ్గర బిగుసుకుపోయి నిలబడింది.

"ఈ సంచిలో ఎవరున్నారో చెప్పండి చూద్దాం?"

"కుందేలు!" క్లాసంతా ఒక్కసారే అరిచింది.

"దానికి ఆకలేస్తుంది. క్యారెట్లు అడుగుతుంది" అన్నాడొకడు.

"తర్వాత మనం క్యారెట్లు లెక్కపెట్టాలి" అంది ఇంకో పిల్ల, ఆవులిస్తూ.

ఆవిడ మేడం వైపు చూసింది. మేడం కనుబొమలు ముడివడ్డాయి. అంతే, ఎక్కడ దాచుకుందో ఆ కోపం, గుసగుసల టీచర్ సంచి బల్లమీద పడేసి, "అన్నీ మీకే తెలుసుగా! అయితే మీరే చెప్పండి పాఠం!" అని అరిచింది.

ముందు వరసలోని రెండుజడల పిల్ల ఠక్కున లేచి సంచి అందుకుంది. తల పక్కకి వాల్చి, గొంతులో పంచదార పోసుకుని, "పిల్లలూ..." అని మొదలుపెట్టింది. ఒక మాట చెప్పడం, వెనక కుర్చీ వైపు చూడటం. ఇంకో మాట చెప్పడం, మళ్ళీ చూడటం. మధ్యలో అరచేతులు గౌనుకి తుడుచుకోవడం. అచ్చం మా ట్రైనింగ్ అమ్మాయిలే! నాకు నవ్వాగలేదు.

"కుందేలు ఏడుస్తోందా?" అని ఒక బుడ్డోడు అడిగాడు.

"తర్వాత అడుగు, మేడం చూస్తున్నారు" అంది ఆ పిల్ల.

నా నవ్వు గొంతులోనే ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా మేం పిల్లలకి నేర్పింది ఇదన్నమాట.

గుసగుసల టీచర్ మెల్లగా చాపమీద కూర్చుని బుడ్డోణ్ణి దగ్గరికి తీసుకుంది. "ఎందుకు ఏడుస్తోంది నాన్నా?"

"సంచిలో చీకటి కదా, అందుకు."

"నాకూ చీకటంటే భయం" అన్నాడు పక్కవాడు. ఒక్కొక్కళ్ళే జరిగొచ్చి ఆవిడ చుట్టూ చేరారు. ఎవరి భయం వాళ్ళు చెప్పుకున్నారు. పలకరించినా పలకని పిల్లకూడా నోరు విప్పింది. ఆవిడ వింటూ కూర్చుంది. వెనక మేడం ఉందన్న ధ్యాసే లేదు.

మేడం ఫైలు మూసేసి లేచింది. "పాఠం పిల్ల చెప్పింది, మీరు చెప్పలేదు. క్లాసు మీద అదుపే లేదు. పాస్ చెయ్యలేనండీ."

"కళ్ళు తెరుచుకునే చూశారా మేడం?" అన్నాను, ఉండబట్టలేక.

"మీరు మధ్యలో రాకండి."

ఇంతలో రెండుజడల పిల్ల మేడం చెయ్యి పట్టుకుని ఊపింది. "మేడం, నేను పాసా?"

మేడం వాచీ చూసుకుని గబగబా వెళ్ళిపోయింది. గుసగుసల టీచరే పిల్ల తల నిమిరి, "పాసయ్యావు తల్లీ" అంది.

"మరి నువ్వు?"

"నేను తప్పాను. రేపట్నుంచి రాను."

ఆ పిల్ల తెలియనివాళ్ళకి చెప్తున్నట్టు ఓపిగ్గా చెప్పింది. "నువ్వు మమ్మల్నే చూస్తూ కూర్చున్నావు కదా టీచర్. మేడం వైపు చూడాలి."