తలకో గుండీ

మా కుట్టు ఫ్యాక్టరీలో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. అందరికీ కాజాల అక్క. నాకంటే నాలుగేళ్లు చిన్నది, అయినా నేనూ అక్కా అనే పిలుస్తాను. నా నెత్తిమీద ఒక్క నల్ల వెంట్రుక మిగలకపోయినా ఆవిడ నన్ను ‘ఏం తమ్ముడూ’ అనే అంటుంది. చొక్కాకి ఆవిడ తీసిన కాజాలో దారం పోగు బయటికి వచ్చిన పాపాన పోలేదు. పొద్దున ఎనిమిదింటికి మిషన్ ముందు కూర్చుంటే మధ్యాహ్నం బెల్లు కొట్టేదాకా తల ఎత్తదు. నోరు మాత్రం ఆగదు. మొగుడు ఆసుపత్రిలో లిఫ్టు నడుపుతాడు. “రోజంతా జనాన్ని పైకీ కిందికీ తిప్పి వస్తాడు. నా మాటకి ఊ కొట్టే ఓపిక కూడా ఉండదు మహానుభావుడికి” అని ఆవిడే నవ్వుతుంది.

నేను ఇస్త్రీ సెక్షన్. మేం పదకొండు మందిమి. ఈ లెక్క ఎందుకు చెబుతున్నానంటే, గొడవంతా అక్కడే ఉంది.

మా కార్మిక సంఘానికి అధ్యక్షుణ్ణి ఎన్నుకునే పద్ధతి ఏ కాలం నాటిదో ఎవరికీ తెలీదు. సెక్షన్‌కో ప్రతినిధి, ప్రతినిధికో ఓటు. సెక్షన్లు ఆరు. కుట్టు హాలులో రెండు వందల పదిమంది ఉన్నా ఒక్కటే ఓటు, స్టోరులో ఆరుగురే ఉన్నా ఒక్కటే ఓటు. కటింగు, స్టోరు, ఇస్త్రీ, ప్యాకింగు, ఈ నాలుగూ ముందు గుమ్మం పక్కనే ఉంటాయి. ఆ నలుగురు ప్రతినిధులం టీ తాగుతూ ఒక మాట అనుకుంటే ఎన్నిక అయిపోయినట్టే. ఇస్త్రీ తరఫున ప్రతినిధిని నేనే. అలా పద్నాలుగేళ్లుగా అధ్యక్షుడు కటింగు మాస్టారే. చెడ్డవాడు కాదు, అబద్ధం ఎందుకాడాలి? గుడ్డ కోసే మిషన్ దగ్గర వేళ్లు తెగుతున్న వాళ్లకి ఇనుప వల చేతితొడుగులు ఇప్పించింది ఆయనే. కాకపోతే మేనేజరు గదిలో అడుగు పెట్టగానే ఆయన గొంతు సగానికి సగం తగ్గిపోతుంది.

రెండేళ్ల కిందట, తప్పు నాదే, వేడి ఇస్త్రీపెట్టె గుడ్డల కట్ట మీద వదిలేసి టీకి వెళ్లాను. హాలంతా పొగ. ముందున్న వాళ్లందరూ క్షణంలో బయటపడ్డారు. వెనక గుమ్మానికి మాత్రం తాళం. గుడ్డ దొంగలెత్తుకుపోతారని యాజమాన్యం ఆ తలుపుకి ఎప్పుడూ తాళమే వేసి ఉంచేది. కాజాలు తీసేవాళ్లూ గుండీలు కుట్టేవాళ్లూ నలభై మంది సరిగ్గా ఆ తలుపు పక్కనే కూర్చుంటారు, పొగ దాటి ముందుకి రాలేకపోయారు. వాచ్‌మన్ తాళంచెవి వెతికి తెచ్చేసరికి పదకొండు నిమిషాలు పట్టింది. అంతసేపూ అక్క ఒక చేత్తో నిండు నెలల గర్భిణిని పొదివి పట్టుకుని, రెండో చేత్తో తలుపు బాదుతూనే ఉంది. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ రోజు నుంచి ఆవిడది ఒకటే పట్టు. తాళంచెవి ఆ తలుపు పక్కనే, అందరికీ అందేలా, మేకుకి వేలాడాలి.

మాస్టారిని అడిగింది. “చూద్దాంలేమ్మా” అన్నాడు. ఆయన చూసే లోపల ఏడాది తిరిగింది. ఇక లాభం లేదని తనే అధ్యక్ష పదవికి నిలబడింది. నాలుగు ఓట్లు ఆయనకి, రెండు ఆవిడకి. ఆ నాలుగులో ఒకటి నాది.

మర్నాడు నా బల్ల దగ్గరికొచ్చి నిలదీసింది.

“ఎందుకు వెయ్యలేదు తమ్ముడూ?”

“మా సెక్షన్ వాళ్లు అలా అన్నారక్కా” అని నీళ్లు నమిలాను.

“పదకొండు మందికి ఒక ఓటు, కాజాలూ గుండీల సెక్షన్లో మా నలభై మందికీ ఒక ఓటు. అంటే మీలో ఒక్కడు మాలో దగ్గర దగ్గర నలుగురికి సమానం అన్నమాట. అంత పుష్టిగా ఏం కనబడవే!”

చుట్టూ ఉన్నవాళ్లు పడీ పడీ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. మండినా, లెక్క తప్పని అనలేకపోయాను.

అప్పటి నుంచి మధ్యాహ్నం అన్నం గిన్నె చేత్తో పట్టుకుని బెంచీ బెంచీకీ తిరిగింది. అధ్యక్షుణ్ణి అందరం నేరుగా ఎన్నుకోవాలి, తలకి ఒక ఓటు, అంతే. సర్వసభ్య సమావేశంలో మాస్టారు లేచి అన్న మాట కూడా కొట్టిపారేసేది కాదు. “తలలు లెక్కపెడితే ప్రతిసారీ కుట్టు హాలే గెలుస్తుంది. పద్నాలుగు మంది కటింగు వాళ్ల వేళ్ల గురించి అప్పుడు పట్టించుకునేదెవరమ్మా?” అక్క లేచింది. “నేను పట్టించుకుంటాను మాస్టారూ. మీ వేళ్లూ మా ఊపిరీ రెండూ కావాలి” అంది. చేతులు లేచాయి. కొత్త పద్ధతి నెగ్గింది.

కాగితాలూ గుర్తులూ మాకెందుకు, గుండీలున్నాయిగా! అక్కకి తెల్ల గుండీ, మాస్టారికి నల్ల గుండీ. తెర వెనక రెండు పళ్లేల నిండా గుండీలు, మధ్యలో ఒక రేకు డబ్బా. ఒక్కొక్కరే వెళ్లి నచ్చినది డబ్బాలో వేసి రావాలి. నేను వేసింది నల్లది. తలుపు మాట వచ్చినప్పుడల్లా నా ఇస్త్రీపెట్టె మాట కూడా వస్తుందని, అదీ నా ఏడుపు.

అందరి ముందూ డబ్బా బల్ల మీద కుమ్మరించి నేనూ స్టోరు ఆయనా లెక్కపెట్టాం. తెల్లవి నూట అరవై నాలుగు, నల్లవి నూట యాభై నాలుగు. పది ఓట్ల తేడాతో అక్క గెలిచింది! హాలు ఈలలతో అదిరిపోయింది. మాస్టారు వచ్చి “శుభం తల్లీ” అన్నాడు. అక్క మాత్రం పెదాలు కదుపుతూ రెండు అంకెలూ కూడుతోంది.

“మనం మూడు వందల ఒక్కరం కదా? గుండీలు మూడు వందల పద్దెనిమిది ఎలా వచ్చాయి?”

గుండీలు కుట్టే ఒకామె బెదురుగా లేచింది.

“స్పేరు గుండీ కూడా వెయ్యాలిగా అక్కా?”

చొక్కా లోపలి అంచున ఒక గుండీ అదనంగా కుడతాం, ఊడిపోతే పనికొస్తుందని. ఏళ్ల తరబడి ఆ పని చేస్తున్నవాళ్లకి ఒక గుండీ తీస్తే పక్కనే రెండోది చేతిలోకి వచ్చేస్తుంది. ఓటుకి కూడా స్పేరు వేశారు మా వాళ్లు! హాలంతా కడుపు చెక్కలయ్యేలా నవ్వింది, నేనూ నవ్వాను. అక్క నవ్వలేదు.

“రెండేసి వేసినవాళ్లు చేతులెత్తండి. తిట్టను. ఏ రంగువి వేశారు?”

పదిహేడు చేతులు లేచాయి. అందరూ తెల్లవే అన్నారు.

“పోనీలే, మళ్లీ ఓటేద్దాం” అన్నాడు మాస్టారు, మనసున్నవాడు గనక.

“ఎందుకు మాస్టారూ? ఎవరు ఎటో తేలిపోయిందిగా. తలకి ఒకటే అని ఊదరగొట్టింది నేనే” అని తెల్ల గుండీల్లోంచి పదిహేడు ఏరి పక్కన పెట్టింది. నూట నలభై ఏడు. ఏడు ఓట్లతో ఓడిపోయింది. తను పోట్లాడి తెచ్చిన పద్ధతిలో, తన చేత్తోనే.

రెండు రోజులకి మాస్టారు అక్కనీ నన్నూ వెంటబెట్టుకుని మేనేజరు గదికి వెళ్లాడు. వెనక తలుపు సంగతి ఎత్తగానే మేనేజరు తల కూడా ఎత్తకుండా, “మీ నలుగురూ టీ కొట్లో అనుకున్న మాటలు నాకెందుకు మాస్టారూ?” అన్నాడు.

మాస్టారు గొంతు ఈసారి తగ్గలేదు. “నలుగురు కాదు సార్. మూడు వందల ఒక్కరు ఓటేస్తే వచ్చిన అధ్యక్షుణ్ణి. నాకు వెయ్యనివాళ్లు నూట నలభై ఏడు మంది ఆ తలుపు కోసమే వెయ్యలేదు. వాళ్లకీ నేనే అధ్యక్షుణ్ణి. తాళంచెవి ఇప్పించండి.”

మేనేజరు ఆయన్ని ఎగాదిగా చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, సొరుగు లాగి ఇచ్చాడు.

బయటికి వచ్చాక మాస్టారు దాన్ని అక్క చేతిలో పెట్టి, “నువ్వే తగిలించమ్మా” అన్నాడు. తగిలించింది. వెనక వరసల వాళ్లు చప్పట్లు కొట్టారు. అక్క వచ్చి మిషన్ ముందు కూర్చుంది. సాయంత్రం దాకా ఒక్క మాట లేదు. అలా ఆవిణ్ణి ఎప్పుడూ చూడలేదు. ఉండబట్టలేక దగ్గరికి వెళ్లాను.

“అనుకున్నది సాధించావుగా అక్కా, ఇంకా ఎందుకలా ఉన్నావు?”

“సంతోషమే తమ్ముడూ, లేదనను” అంటూ చేతిలోని గుడ్డముక్కతో కళ్లు తుడుచుకుంది. “మూడు వందల ఒక్కరు ఓటేస్తే వచ్చానన్నాడు చూడు... ఆ మాట నేను అనాలని ఏడాదిగా అద్దం ముందు నేర్చుకుంటున్నా.”

నా గుండీ నల్లదని అప్పుడైనా చెబుదామనుకున్నాను, చెప్పకుండానే నా బల్ల దగ్గరికి వెళ్లిపోయాను. ఏడు ఓట్ల తేడా అంటే ఎంతని? నాలాంటివాళ్లు ఒక్క నలుగురు మనసు మార్చుకుని ఉంటే, ఆ మాట ఆవిడ నోటే వచ్చేది.