పన్నెండో ఫోను

తిమ్మరాయప్పకి ఇంగ్లీషు రాదు. కానీ కరెంటు స్టవ్‌లు ఇంగ్లీషులో చెప్పేదంతా ఆయనకి అర్థమయ్యేది. E0 వెలిగితే గిన్నె సరైంది కాదని, E2 అయితే కరెంటు తక్కువ వస్తోందని, E4 అయితే వేడిని కనిపెట్టే సెన్సార్ పాడైందని చార్టు చూడకుండా చెప్పేవాడు. ఆ చార్టు నా టేబుల్ మీద ఉండేది. బీకాం చదివిన నేను దాన్ని చూసి చదివేదాన్ని. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ తెలుసో మీరే తేల్చుకోండి.

నా పేరు వరూధిని. 2007లో నంద్యాల నుంచి బెంగళూరు వచ్చి, ఒక స్టవ్‌ల కంపెనీ సర్వీస్ సెంటర్లో ఫోన్ దగ్గర కూర్చున్నాను. తిమ్మరాయప్ప అక్కడ మెకానిక్. బెంగళూరు శివారు కాడుగోడిలో పుట్టినవాడు, మూడు తరాలుగా అక్కడే. మొదట్లో చిక్కపేటలో ఒక దుకాణం మెట్ల మీద స్టూలు వేసుకుని ఇస్త్రీపెట్టెలు, నీళ్ళ హీటర్లు బాగుచేసేవాడట. ఊళ్ళో ఫ్లాట్లు పెరిగి, ఓవెన్లూ గాజుపలక స్టవ్‌లూ వచ్చాక కంపెనీ వాళ్ళు పిలిచి పనిచ్చారు. భార్య లేదు. ఒక్కతే కూతురు, సుమ, నర్సింగ్ చదువుతోంది. నాకంటే ముప్పై ఏళ్ళు పెద్ద అయినా నేను అన్నా అనేదాన్ని, ఆయన నన్ను అమ్మణ్ణీ అనేవాడు. ఇంకో మాట కూడా ముందే చెప్పడం మంచిది. దెయ్యాలు, శకునాలు అంటే నాకు ఒళ్ళుమంట.

కస్టమర్లు ఆయన్నే పేరు పెట్టి అడిగేవాళ్ళు. తిమ్మరాయప్ప వస్తే ఆ రోజే స్టవ్ మీది నంబరు పోతుందని పేరు. ఎలా పోతుందో నాకు కొన్నాళ్ళకి గానీ తెలియలేదు.

స్టవ్ గాజుపలక కింద మిరియపు గింజంత సెన్సార్ ఆనుకుని ఉంటుంది. గిన్నె మాడిపోయేంత వేడెక్కితే అది కనిపెట్టి స్టవ్‌ని ఆపేస్తుంది. అది పాడైతే E4 వెలుగుతుంది, స్టవ్ పనిచేయదు. కొత్తది స్టోరు నుంచి రావాలంటే మూడు వారాలు. బయట ఎక్కడా దొరకదు. అన్నాళ్ళు ఆ ఇంట్లో వంటేం గాను? అందుకని తిమ్మరాయప్ప ఆ సెన్సార్ పీకేసి, దాని బదులు లోపలి సర్క్యూట్ బోర్డుకి బియ్యపు గింజంత రెసిస్టర్ ఒకటి అతికించి వచ్చేవాడు. ఇక బోర్డు దృష్టిలో ఆ పలక ఎప్పుడూ చల్లగానే ఉంటుంది. నంబరు పోతుంది, స్టవ్ నడుస్తుంది. దీన్ని వాళ్ళు బైపాస్ అంటారు. గిన్నెలో నీళ్ళు ఇగిరిపోతే మటుకు ఆపే దిక్కుండదు.

"తప్పు కదన్నా?" అన్నాను.

"తప్పే అమ్మణ్ణీ. కొత్త సెన్సార్లు వస్తానే పోయి మార్చేస్తా."

ఆ మాట మీద ఉండాలనే అనుకున్నాడు పాపం. పీకినవాటిని ఒక పౌడరు డబ్బాలో దాచి, ఒక్కోదానికి ఇంటి గుర్తు రాసిన చీటీ, వరస నంబరు కట్టి పెట్టాడు. కానీ స్టోరులోకి సెన్సార్లు వచ్చాక కూడా, కంప్లైంట్ నంబరు లేనిదే వాళ్ళు ఇవ్వరు. ఈయన E4 పోగొట్టి రాగానే మేము కంప్లైంట్ మూసేసేవాళ్ళం. అట్లా డబ్బాలో పంతొమ్మిది చీటీలు చేరాయి.

2008 జూన్‌లో ఒక గురువారం, పొద్దున పదకొండు దాటాక ఫోన్ మోగింది. "అమ్మా, ఆ నంబరు మళ్ళీ వచ్చింది" అంది ఒకావిడ. E4. రాసుకున్నాను. సాయంత్రం చెప్తే తిమ్మరాయప్ప నవ్వాడు. "ఆ ఇంట్లో నేను పెట్టింది ఊడిపోయింటాది, అంతే" అన్నాడు. మర్నాడు వెళ్ళి చూస్తే ఊడలేదు. గట్టిగా అతుక్కునే ఉంది. అది అట్లా ఉండగా E4 రావడానికి వీల్లేదు. లోపల తీగచుట్ట మాత్రం సగం కమిలి ఉందట. ఇంకో వారం వాడితే అంటుకునేదే. అదీ మార్చి, కొత్త సెన్సార్ పెట్టాక నంబరు పోయింది.

తర్వాతి గురువారం, అదే వేళకి, ఇంకో ఇంటి నుంచి ఫోన్. ఆ పై గురువారం మూడోది. గొంతులు వేరు, పేటలు వేరు, మాట మాత్రం ఒక్కటే. "అమ్మా, ఆ నంబరు మళ్ళీ వచ్చింది." నాలుగోది వచ్చిన రోజు తిమ్మరాయప్ప డబ్బా తెచ్చి నా టేబుల్ మీద బోర్లించాడు. ఫోన్ వచ్చిన ఇళ్ళ చీటీలు విడిగా తీసి పేర్చాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"వరసగా వస్తా ఉండాయి అమ్మణ్ణీ" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఎందుకో తెలియదు, ఆయన మీదే వచ్చింది. ఏడో ఇంటికి నేనూ వస్తానని పట్టుబట్టి వెళ్ళాను. వైట్‌ఫీల్డ్‌లో పెద్ద అపార్ట్‌మెంట్, ఆరో అంతస్తు. వర్షిణి అని సాఫ్ట్‌వేర్ అమ్మాయి తలుపు తీసింది.

"మార్నింగ్ మిల్క్ పెడుతుంటే సడన్‌గా వచ్చిందండీ. స్విచ్ ఆఫ్ చేసినా పోవట్లేదు" అంది.

ఎర్రగా E4. వంటగది నిండా ఎండ. తిమ్మరాయప్ప పలక విప్పి చూపించాడు. సెన్సార్ ఉండాల్సిన చోట ఎండిన తెల్లటి పేస్టు మరక తప్ప ఏమీ లేదు. బోర్డు మీద రెసిస్టర్ మాత్రం నిక్షేపంగా ఉంది. నేను వెళ్ళి గోడలోంచి ప్లగ్గే పీకేశాను. నంబరు వెలుగుతూనే ఉంది. మనసులో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నలభై దాకా వచ్చి మానేశాను, భయమేసి. అది ఆరేదాకా ముగ్గురం దాన్నే చూస్తూ నిలబడ్డాం.

"బోర్డులో కరెంటు కొంచెం నిలవ ఉంటుంది కదన్నా, అందుకే" అన్నాను, తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో.

"అంతసేపు ఉండదు" అన్నాడు.

పదకొండో ఇల్లు అయ్యేసరికి ఆయన సగమయ్యాడు. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి రెండు ముద్దలు తిని మూసేసేవాడు. పన్నెండో చీటీ హెబ్బగోడిలో మునివెంకటమ్మది. అరవై దాటిన ఒంటరి మనిషి. నంజప్ప అనే ఆయన కట్టించిన అద్దె గదుల్లో ఉంటూ, ఫ్యాక్టరీలకి వెళ్ళే పిల్లలకి తెల్లవారుజాము నుంచి ఇడ్లీలు వేస్తుంది. చూపు ఆనదు. పొయ్యి ఆర్పదు.

"ముందే వెళ్ళి వాడొద్దని చెప్పొచ్చుగా?" అన్నాను.

"పోయి చెప్పినా. బాగుండే పొయ్యి ఆపితే నా కడుపెట్ల అప్పా అనె. ఫోన్ ఒకటి వస్తే చాలమ్మణ్ణీ. కంప్లైంట్ నంబరు పడతానే స్టోరుకు పోయి సెన్సార్ పట్టుకొని పరిగెత్తుతా."

ఆ బుధవారం మా మేనేజర్ పద్మనాభం నన్ను లోపలికి పిలిచాడు. ఒకే మెకానిక్ చేసిన పనికి పదకొండు రిపీట్ కంప్లైంట్లు వచ్చాయట. "ఇంకొక్కటి రానీ, తిమ్మరాయప్పని ఇంటికి పంపించేస్తాను" అన్నాడు. సుమకి అది చివరి ఏడాది.

గురువారం పదకొండు దాటింది. ఫోన్ మోగింది. కాయిన్ బాక్స్ అని తెలుస్తూనే ఉంది, వెనక బస్సుల హారన్లు.

"అమ్మా, ఆ నంబరు మళ్ళీ వచ్చింది. హెబ్బగోడి నించి మునివెంకటమ్మను."

పెన్ను నా చేతిలోనే ఉంది. రాస్తే ఆయన ఉద్యోగం పోతుంది. అదొక్కటే అయితే నన్ను నేను కొంచెం క్షమించుకునేదాన్నేమో. రాస్తే ఆ వరస నిజమని నేను ఒప్పుకోవాలి. వర్షిణి వంటగదిలో నేను చూసింది నిజమని ఒప్పుకోవాలి. అది నా వల్ల కాలేదు.

"స్విచ్ ఆపేసి, పది లెక్కపెట్టి మళ్ళీ వేయవ్వా. పోతుంది" అన్నాను.

"పోతాదా తల్లీ?"

"పోతుంది."

ఇంకో రూపాయి వేయమని కూత వినిపించింది, లైను కట్టయింది. పావుగంటకి మళ్ళీ ఆమే చేసింది, కేవలం చెప్పడానికి. "పోయింది తల్లీ. చల్లగుండు."

మిగతా ఏ ఇంట్లోనూ స్విచ్ ఆపితే పోని నంబరు, నా మాటకి పోయింది.

సాయంత్రం తిమ్మరాయప్ప లోపలికి వస్తూనే నా మొహం చూశాడు. "హెబ్బగోడి నించి వచ్చిందా అమ్మణ్ణీ?"

"రాలేదన్నా."

స్టూలు మీద కూలబడ్డాడు. "తప్పిపోయింది. వరస తప్పిపోయింది. ఆయమ్మకింక భయం లేదు" అని రెండుసార్లు అని, కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత పొద్దుటి డబ్బా తెరిచి, చల్లారిన అన్నం గింజ మిగల్చకుండా తిన్నాడు. ఆయన తింటుంటే నాకు గర్వంగా కూడా అనిపించింది. దాచడం దేనికి.

శనివారం పొద్దున తొమ్మిదింటికి నంజప్ప ఫోన్ చేశాడు. ఇడ్లీ గిన్నెలో నీళ్ళు ఇగిరి, పలక పగిలి, పక్కనున్న బట్టలు అంటుకున్నాయట. గది తలుపు పగలగొట్టేసరికి మునివెంకటమ్మ ప్రాణం పోయింది. తిమ్మరాయప్ప వెళ్ళి చూసి వచ్చాడు. నేరుగా పద్మనాభం గదిలోకి వెళ్ళి, మొదటి చీటీ నుంచి చివరి చీటీ దాకా తను చేసిందంతా తనే చెప్పేశాడు. పద్మనాభం బెదిరిపోయి, మిగిలిన ఏడు ఇళ్ళకీ ఒక్క కంప్లైంట్ నంబరు లేకుండా ఏడు సెన్సార్లు ఆ మధ్యాహ్నమే స్టోరు నుంచి తెప్పించాడు. అంత సులువని ఎవరికీ తెలియదు. తిమ్మరాయప్ప ఏడూ బిగించి వచ్చి, పనిముట్ల సంచి నా టేబుల్ పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. నేను ఫోన్ సంగతి చెప్పలేదు.

ఆ తర్వాత గురువారాలు ఫోన్ రాలేదు. పదకొండు దాటేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. నాలుగు నెలలు చూసి నేనూ మానేశాను.

2009 చివర్లో ఒక పెళ్ళి బట్టలకని చిక్కపేట వెళ్ళాను. ఇనుప సామాన్ల సందులో, ఒక కొట్లో స్విచ్చులు, వైర్లు అమ్ముతూ తిమ్మరాయప్ప కనిపించాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. ఎవరి స్టవ్‌నీ ఇప్పుడు ముట్టుకోడట. సుమకి ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చిందని చెప్పాడు. టీ తెప్పించాడు. నేను తాగడం అయ్యేదాకా ఆగి అడిగాడు.

"పదకొండు ఇండ్లకు ఆ నంబరు ముందే చెప్పింది కదమ్మణ్ణీ. ఆయమ్మకు మాత్రం ఎందుకు చెప్పలేదంటావు? ఆయమ్మకు దుడ్డు తీసుకోకుండా ఫుక్కటగా చేసిచ్చినా అని, అశ్రద్ధగా ఏమన్నా చేసింటానా? దినామూ అదే ఆలోచన."

చెప్పాలని నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను.

"నాకేం తెలుసన్నా" అన్నాను.

ఆయన తల ఊపాడు. నా చేతిలోని ఖాళీ గ్లాసు తీసుకుని బల్ల మీద పెట్టాడు.

"నీకెట్ల తెలుస్తాదిలే. ఫోన్ వచ్చింటే నువ్వు నాకు చెప్పకుండా ఉంటావా?"