ఎడమ పక్క సీటు

ముందే చెప్తున్నాను... ఇది ఎవరి నోటో విన్నది కాదు. నాకు జరిగింది. నా కారులో, నా పక్క సీట్లో జరిగింది. అమ్మతోడు. ఆ కారు ఇప్పుడు కిందే ఉంది. నమ్మకం లేకపోతే ఒక్కళ్లే వెళ్లి ఆ ఎడమ సీట్లో కాసేపు కూర్చుని రండి. తాళం ఇస్తాను.

నేను దెయ్యాలకి భయపడే రకం కాదు. అమలాపురంలో పళ్ల డాక్టర్ని. నన్ను చూసి జనం భయపడాలి కానీ, నేను ఒకళ్లకి భయపడటమేంటి? కానీ ఆ రాత్రి భయపడ్డాను. ఒప్పుకుంటున్నాను.

కారు దగ్గర మొదలుపెడితే మీకు అర్థం కాదు. బాబాయి దగ్గర మొదలుపెట్టాలి.

మా బాబాయి కువైట్‌లో డ్రైవరు. ఒక పెద్దింటి వాళ్ల దగ్గర ఏళ్ల తరబడి చేశాడు. ఆ ఇంటి అబ్బాయికి ఒక ఎర్ర స్పోర్ట్స్ కారు ఉండేది. బాబాయి పంపిన ఫొటోలన్నిట్లోనూ అదే కారు. బానెట్ మీద చెయ్యి, కళ్లకి నల్ల అద్దాలు, చొక్కా టక్ చేసి... ఆ దర్జా చూడాలి. "నాది కాదమ్మడూ. కానీ రోజూ తుడిచేది నేనే కదా, సగం నాదే" అనేవాడు ఫోన్లో. నేను ఆ ఫొటోలు బళ్లోకి పట్టుకెళ్లి, మా బాబాయి కారే అని చెప్పుకునేదాన్ని. సగం ఊసు ఎత్తేదాన్ని కాదు.

సెలవు మీద వచ్చినప్పుడల్లా ఒకటే తమాషా. అక్కడి కార్లకి స్టీరింగు ఎడమ పక్క ఉంటుంది. మనకి కుడి పక్క. ఇక్కడ ఎవరి కారు దగ్గరికెళ్లినా, బాబాయి కాళ్లు వాటంతట అవే ఎడమ తలుపు దగ్గరికి వెళ్లిపోయేవి. తలుపు తీసి, కూర్చుని, స్టీరింగు కోసం చెయ్యి చాపేవాడు. అక్కడ గాలి తప్ప ఏమీ ఉండేది కాదు. అప్పుడు తన మీద తనే నవ్వుకునేవాడు. ఆ నవ్వు కోసం మేం పిల్లలందరం కారు చుట్టూ మూగేవాళ్లం.

నాకు డ్రైవింగు నేర్పింది ఆయనే. అద్దెకి తెచ్చిన పాత తెల్ల కారు. ఓడలరేవు వెళ్లే రోడ్డు. సముద్రం గాలికి అద్దాల మీద ఉప్పు పట్టేసేది. బాబాయి ఎడమ పక్క కూర్చునేవాడు. నేను కాస్త స్పీడు పెంచితే చాలు, ఆయన కుడికాలు కింద మ్యాట్ మీద ధబీమని పడేది. అక్కడ తనకో బ్రేకు ఉందని ఆ కాలి నమ్మకం. పోనుపోను నాకూ అదే అలవాటైపోయింది. ఆ చప్పుడు వినపడగానే నా కాలు యాక్సిలరేటర్ మీంచి లేచిపోయేది. ఆ తరవాతే రోడ్డుకి అడ్డంగా గేదో, దూడో కనిపించేది.

పిన్ని ఒక్కసారి కువైట్ వెళ్లింది, విజిట్ వీసా మీద. అక్కడ కార్లో కుడి పక్క, ఆయన పక్కన కూర్చునేది. సీటు బెల్టు ఎక్కడ గుచ్చాలో తెలిసేది కాదట. ప్రతిసారీ బాబాయే ఒంగి పెట్టేవాడట. "ఎప్పుడు నేర్చుకుంటావే?" అంటే, "మీరుండగా నాకెందుకండీ" అనేదట. ఈ కథ ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు. చెప్పిన ప్రతిసారీ కొత్త పెళ్లికూతుర్లా సిగ్గుపడేది.

పూర్తిగా తిరిగొచ్చేశాక, ఒక ఎర్ర కారు కొంటానన్నాడు బాబాయి. పిన్ని సాగనివ్వలేదు. "ఈ కాలవ గట్ల మీద అదెక్కడ తిరుగుతుందండీ? కొబ్బరితోట కొంటే కలకాలం తింటాం" అంది.

"ఆయ్, అలాగే కొందాం" అన్నాడు బాబాయి. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. తోట కొన్నాడు. ఆ తరవాత ఎన్నాళ్లో లేడు. ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగిపోయింది.

అప్పట్నుంచి పిన్ని ఎవరి కారూ ఎక్కలేదు. బస్సు, లేదంటే ఆటో. పెళ్లిళ్లకి కార్లు పంపినా వెనక్కి పంపేసేది.

ఇక నా కారు. దాన్ని మొదటిసారి రావులపాలెంలో ఒక టిఫిన్ హోటల్ ముందు చూశాను. ఎరుపు. నేలకి ఆనుకుని, ఎలక మీదకి దూకబోయే పిల్లిలా ఉంది. దాని యజమాని వచ్చి స్టార్ట్ చేశాడు. గుర్ర్ర్... అని ఒక శబ్దం. నా చేతిలో పెసరట్టు ముక్క చేతిలోనే ఉండిపోయింది. మనసు పారేసుకోవడం అంటారే, అదే. ఇంక రాత్రిళ్లు ఫోన్లో దాని వీడియోలే. పేషెంటు నోరు తెరుచుకుని ఉంటే, నేను సీట్ల రంగు గురించి ఆలోచించేదాన్ని. మా క్లినిక్‌లో పనిచేసే సత్యవతిగారు ఒకటే ఆటపట్టించేవారు. "మన రోడ్ల మీద ఆ కారు గోతిలో దిగితే, తియ్యడానికి క్రేను కావాలండీ డాక్టరుగారూ!"

పిన్నికి చెప్పాను. మాది ఒకే ఇల్లు, కింద ఆవిడ, పైన నేను. కొబ్బరి కోరుతోంది. తలెత్తలేదు.

"ఏం రంగే?"

"ఎరుపు."

కోరడం ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది. "కొనుక్కో. నన్ను మాత్రం ఎక్కమనకు."

ఎందుకన్నదో నాకు తెలుసు. తను వద్దనడం వల్లే ఆయన ముచ్చట తీరలేదని ఆవిడకి లోపల ఒక ముల్లు. నేను ఆ కారు కొన్నది నా సరదా కోసమే, కాదనను. కానీ పిన్ని అందులో ఒక్కసారి కూర్చోవాలి. అది జరక్కపోతే కొన్నా కొననట్టే. ఇదే నా కోరిక, ఎవరికీ చెప్పలేదు.

కారు ఇచ్చింది రాజమండ్రి షోరూములో. పొద్దున్నే ఇస్తామన్నారు. ఆ కాగితం రాలేదు, ఈ సంతకం కాలేదు అని పొద్దు గూకేదాకా కూర్చోబెట్టారు. దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, తాళం చేతిలో పెట్టేసరికి బాగా చీకటి పడింది. "ఒంటరిగా ఎందుకు మేడం, రేపు తీసుకెళ్లండి" అన్నారు. నేను ఆగుతానా?

ఆలమూరు, జొన్నాడ బ్రిడ్జి, రావులపాలెం... హైవే మీద కారు నిజంగానే ఎగిరింది. గొంతెత్తి పాడుకుంటూ వచ్చాను. కొత్తపేట దాటాక కాలవ పక్క రోడ్డు. చలికాలం. మంచు దిగుతోంది. ఒక పక్క కాలవ, ఇంకో పక్క కొబ్బరితోటలు. మనిషి అలికిడి లేదు. ఎందుకో పాట ఆపేశాను.

అప్పుడు...

చర... చర...

కొత్త కారు సీట్లకి ప్లాస్టిక్ కవర్లు ఉంటాయి కదా. ఎవరైనా కూర్చుని సర్దుకుంటే చరచరలాడతాయి. ఆ చప్పుడు. ఎడమ సీట్లోంచి.

ఓరగా చూశాను. నా హ్యాండ్‌బ్యాగు. జారి ఉంటుందిలే అనుకున్నాను.

టింగ్... టింగ్... టింగ్...

ఎదురుగా ఎర్ర లైటు. ఎడమ సీట్లో మనిషి బెల్టు పెట్టుకోలేదు అని. బ్యాగు బరువుకి కూడా అలా మోగుతుందని నాకు తెలుసు. బ్యాగు తీసి వెనక్కి విసిరేశాను.

టింగ్... టింగ్...

పక్కకి ఆపాను. లోపల లైటు వేశాను. సీటు ఖాళీ. చేత్తో తడిమి చూశాను. ప్లాస్టిక్... చల్లగా ఉంది. అంతే. ఇంకేం లేదు. బయట ఎక్కడో కుక్క మొరిగి ఊరుకుంది. కాలవలో ఏదో బుడుంగుమంది. లోపల మాత్రం ఆగకుండా... టింగ్... టింగ్...

నేనేం చేశానో చెప్తే నవ్వుతారు. ఒంగి, ఎడమ సీటు బెల్టు లాగి, గుచ్చాను.

టక్.

మోత ఆగింది. ఆ నిశ్శబ్దం కంటే మోతే నయమనిపించింది. ఖాళీ సీటుకి బెల్టు పెట్టి, ఆ చీకట్లో కాలవ గట్టున నేను.

బండి తీశాను. పక్కకి చూడకూడదు... చూడకూడదు... మెడ బిగబట్టి రోడ్డునే చూస్తున్నాను. ఇల్లు చేరితే చాలు. తెలియకుండానే స్పీడు పెరిగిపోయింది. ముందు ఒక మలుపు...

ధబ్!

ఎడమ పక్క. కింద.

నా కాలు లేచిపోయింది. నేను లేపలేదండీ... అదే లేచింది. ఆ వెంటనే బ్రేకు మీద పడింది. కారు మలుపులోకి మెల్లగా తిరిగింది. తిరిగాక... చూశాను.

రోడ్డు సగానికి పైగా ధాన్యం. పైన నల్ల టార్పాలిన్ బరకం కప్పి, చుట్టూ రాళ్లు పెట్టారు. దీపం లేదు. ఆ ధాన్యం పక్కనే, తారు మీద, దుప్పటి ముసుగేసుకుని ఒక మనిషి పడుకుని ఉన్నాడు. కారు ఆయన కాళ్ల దగ్గర ఆగింది.

లైట్లకి లేచి కూర్చున్నాడు. పెద్దాయన. నేను అద్దం దించాను.

"మంచి పని చేసేరు తల్లీ, నిదానంగా వచ్చేరు. ఈ మలుపులో ఎవరూ తగ్గించరండీ" అన్నాడు. లేచి రెండు రాళ్లు జరిపి దారి ఇచ్చాడు. వెళ్లబోతూ కారుని పైనుంచి కిందకి చూశాడు. "కొత్తదాండీ? బాగుందండీ, ఎర్రగా."

"ఒక లైటు పెట్టుకు పడుకోండి బాబాయిగారూ" అన్నాను. ఆ పిలుపు నోట్లోంచి వచ్చాక ఏడుపు ఆగలేదు.

అక్కణ్నుంచి ఇంటిదాకా ఎడ్లబండిలా నడిపాను. భయం పోలేదు. కానీ అది అచ్చంగా భయమని కూడా చెప్పలేను. పక్కకి తిరిగి చూస్తే ఖాళీ సీటే కనపడుతుంది కదా... అందుకని చూడలేదు.

ఇంటి ముందు ఆపాక కిందికి వంగి చూశాను. కొత్త కారని ఎడమ పక్క మ్యాట్ మీద ఒక కాగితం పరిచారు. మడమ ఆనే చోట నలిగి ఉంది. షోరూములో ఎవరైనా తొక్కారేమో. బెల్టు తియ్యబుద్ధి కాలేదు. అలాగే వదిలేసి, "పడుకుంటాను బాబాయ్" అన్నాను. నవ్వకండి. తలుపులకి తాళం వేసి, పైకెళ్లి, లైటు ఆర్పకుండా పడుకున్నాను.

పొద్దున్న కిందికి దిగేసరికి పిన్ని కారు పక్కన ఉంది. నేను ఆవిడకి ఏమీ చెప్పలేదు. ఒక్క ముక్క కూడా చెప్పలేదు, ఇది గుర్తుపెట్టుకోండి. పైట చెంగుతో ఎడమ అద్దం మీద మంచు తుడిచి, లోపలికి చూస్తోంది. ఖాళీ సీటు. దానికి బెల్టు. చాలాసేపు చూసింది.

"తలుపు తియ్యవే" అంది.

తాళం నొక్కాను. ఎడమ తలుపు ఎదురుగానే నిలబడి ఉంది కదా, అదే తీస్తుందనుకున్నాను. తియ్యలేదు. చుట్టూ తిరిగి కుడి పక్కకి వచ్చింది. కుచ్చిళ్లు సర్దుకుని స్టీరింగు ముందు కూర్చుంది.

"అది డ్రైవరు సీటు పిన్నీ."

"ఆయన పక్కన నేనెప్పుడూ ఇటేగా కూచునేది" అంది మామూలుగా. "నువ్వు తలుపేసి వెళ్లవే కాసేపు."

వేశాను. అద్దాల్లోంచి మాట వినపడలేదు. పెదాలు కదులుతున్నాయి. ఎడమ పక్కకి తిరిగి ఏదో చెప్తోంది. కళ్లు తుడుచుకుంది. తరవాత చిన్నగా నవ్వింది. నేను చూడకూడదనిపించి గేటు దాకా వెళ్లి, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాను.

కాసేపటికి అద్దం మీద వేళ్లతో కొట్టింది. వెళ్లి తలుపు తీశాను. దిగబోయింది. దిగలేకపోయింది.

"ఏదో పట్టేసిందే" అంది.

చూశాను.

సీటు బెల్టు. భుజం మీంచి నడుం దాకా, మెలిక లేకుండా, శుభ్రంగా పెట్టి ఉంది.

పిన్నికి బెల్టు పెట్టుకోవడం రాదు. చెప్పాను కదా.

"ఎవరు పెట్టేరు పిన్నీ?"

బెల్టు వంక చూసింది. నా వంక చూసింది. ఆ కువైట్ కథ చెప్పేటప్పుడు ఆవిడ మొహంలో ఒక సిగ్గు ఉంటుంది... అదే సిగ్గు.

"ఏమోనే... నేను చూసుకోలేదు" అంది.

షోరూము వాళ్లు కారు పరీక్ష చేశారు. "సెన్సరు బానే ఉందండీ. కొత్తలో ఒక్కోసారి అలా మోగుతుందండీ" అన్నారు. అయ్యుండొచ్చు. ఆ ధబ్ అన్నది, నేను వెనక్కి విసిరిన బ్యాగు సీటు మీంచి పడిన చప్పుడేమో. పిన్ని ఏ టీవీలోనో చూసి బెల్టు నేర్చుకుందేమో, ధ్యాసలో లేకుండా పెట్టేసుకుందేమో. డాక్టర్ని కదా, అన్నీ ఆలోచించాను. ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను. తేలడం లేదు.

పిన్ని ఇప్పుడు నా కారెక్కుతోంది. బజారుకి, గుడికి, తోటకి. అడక్కుండానే ఎక్కుతోంది. కానీ వెనకే కూర్చుంటుంది. ముందు సీటు ఖాళీగానే ఉంది కదా అంటే, "ఉండనీవే" అంటుంది. నేనూ ఇంకేం అనను. బయల్దేరే ముందు ఒంగి, ఆ సీటుకి బెల్టు పెడతాను. మిగతా సీట్లన్నిటికీ ప్లాస్టిక్ కవర్లు ఎప్పుడో తీసేశాను. ఆ ఒక్కదానికి మాత్రం తియ్యలేదు... మళ్లీ చరచరలాడితే వినపడాలి కదా.