బుల్లయ్య కట్టిన చీర

మా ఊళ్లో చీర కట్టుకుని గేదెను పిండిన మగవాడు బుల్లయ్య ఒక్కడే. ఆ సలహా ఇచ్చింది నేను. అది పనిచేసిందో లేదో ఈ రోజుకీ నాకు తెలియదు. బుల్లయ్యకు అసలే తెలియదు.

బుల్లయ్యకు రెండెకరాల మిరప, ఎకరన్నర పత్తి ఉండేవి. జ్ఞాపకశక్తి మాత్రం సెంటు కూడా లేదు. తువ్వాలు భుజాన వేసుకుని తువ్వాలు కోసం ఇల్లంతా వెతికేవాడు. ఒకసారి చీరాలకు సైకిల్ మీద వెళ్లి రైల్లో తిరిగొచ్చాడు. సైకిల్ గుర్తొచ్చి వెళ్లేసరికి దాని సీటు మీద పిచ్చుక గూడు కట్టి, పిల్లల్ని లేపి, ఎగరడం కూడా నేర్పేసింది. నమ్మకపోతే మానేయండి.

ఇంట్లో ఏది ఎక్కడుందో చెప్పేది భార్య రాజ్యమే. ఆ రాజ్యానికి 2004లో రెండు కళ్లకూ శుక్లాలు వచ్చాయి. కుడి కన్ను ముదిరిపోయింది. గుంటూరులో ఆపరేషన్‌కు తేదీ ఇచ్చి, తర్వాత పది రోజులు వంగకూడదు, దొడ్లో దుమ్ములోకి వెళ్లకూడదు అన్నారు. అంటే ఆ పది రోజులూ గేదెను బుల్లయ్య పిండాలి. గేదె అతన్ని దగ్గరికి రానివ్వడం లేదు. ఆ కారణానే రాజ్యం రెండు తేదీలు వదులుకుంది.

“పిండకపోతే పొదుగు రాయైపోద్ది మామయ్యా. కన్నుకేముంది, ఇంకోటి ఉందిగా,” అంది పక్కింట్లో ఉండే నాతో. ఆ ఇంకో కన్నుతోనే ఆమె అంతకు ముందు రోజు నన్ను చూసి మా ఆవిడ అనుకుని, “అత్తయ్యా, కూరేంటి?” అని అడిగింది.

గొడవ మొదలైంది మిరపకోతల్లో. రాజ్యం చీరాలలో చెల్లెలి ఇంటికి వెళ్లిన రోజు బుల్లయ్య పొద్దున్నుంచీ కళ్లంలో మిరపల్లోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరాడు. సాయంత్రం చేతులు కడుక్కుని పాలకు కూర్చున్నాడు. మిరప ఘాటు ఒట్టి నీళ్లకు పోతుందా? రెండు ధారలు పడ్డాయో లేదో, గేదె చన్నులు భగ్గున మండాయి. అది తన్నిన తన్నుకు బుల్లయ్య గాల్లోకి లేచి పత్తికట్టె మోపు మీద పడ్డాడు. గాల్లో ఉండగానే చుట్ట వెలిగించుకున్నాడని నేనంటాను. మా ఆవిడ ఒప్పుకోదు.

అప్పటివరకూ ఆ గేదె రాజ్యం లేనప్పుడు గునుస్తూనైనా అతనికి పాలిచ్చేది. ఆ రోజు నుంచి అతను దూడను వదిలి కూర్చోవడం ఆలస్యం, కళ్లు తేలేసి కాలు లేపేది. మజ్జిగతో, సున్నిపిండితో, కొబ్బరినూనెతో చేతులు తోముకున్నాడు. లాభం లేదు. అప్పుడే, రాజ్యం చీర వాసనకు గేదె మోసపోతుందని, నేను ఆ సలహా ఇచ్చాను.

“చీర కట్టి గొంతుక్కూచోడం ఎలా బాబాయ్?”

“మీ ఆవిణ్ణడగరా. ముప్పయ్యేళ్లుగా కూచుంటోంది.”

రాజ్యం పెట్టెలోంచి పాతదేనని ఒకటి తీసిచ్చింది. బుల్లయ్య ముసుగు కూడా వేసుకున్నాడు. గేదె ఒక్క క్షణం వాసన చూసింది. నాకు ఆశ పుట్టింది. తర్వాత ఎప్పటిలాగే తన్నింది.

మండల పశువైద్యురాలు జయకుమారి గారు గాలికుంటు టీకాలకు వచ్చినప్పుడు సంగతి చెప్పాం. ఆవిడ నవ్వు ఆపుకోవడానికి కొంచెంసేపు పట్టింది.

“భయం వేసినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ ఊరుతుందండీ. మెదడులోనూ అలాంటిదే ఇంకోటి ఊరుతుంది. అలికిన నేల తడిగా ఉన్నప్పుడు కోడి నడిస్తే కాళ్లు ఎట్లా పడతాయో, అప్పుడు ఎదురుగా ఉన్నది అట్లా ముద్ర పడిపోద్ది. మళ్లీ అది కనపడితే మళ్లీ అదే భయం. ఇక పొదుగులోకి పాలు దించడం, చేపడమంటూ ఉండదు.”

“అయితే నేనే ముద్ర పడ్డానాండీ?”

“మీరే అని ఏముంది? ఆ రోజు అక్కడ ఇంకేమున్నాయో గుర్తు చేసుకోండి.”

బుల్లయ్య తల గోక్కున్నాడు. “కాలు గుర్తుందండీ. గిట్ట మీద చీలిక కూడా గుర్తుంది. ఇంకేం లేదు.”

“అదీ అంతే. మరీ భయమేస్తే ఒక్కదాన్నే పట్టుకుని పక్కవి వదిలేస్తుంది మనసు. మీరు కాలు పట్టుకున్నారు. అది ఏం పట్టుకుందో మరి!”

కాన్వెంట్లో సిస్టర్ స్కేలుతో నేర్పిన పదమూడో ఎక్కం నాకు ఇప్పటికీ తడబడకుండా వస్తుంది. ఆవిడ ముఖం గుర్తు లేదు, స్కేలు మీద సిరా మరక గుర్తుంది. కాబట్టి డాక్టరమ్మ మాట నమ్మాను. నమ్మితే ఏం చెయ్యాలో మాత్రం తెలియలేదు.

చుట్ట మాన్పించాం. దొడ్లో మోగే రేడియో తీయించాం. పత్తికట్టె అవతలికి మోయించాం. బుల్లయ్య మీసం కూడా తీసేశాడు. గేదె ఒక రోజు తన్నింది, ఒక రోజు ఊరికే చూసి తర్వాత తన్నింది. ఆపరేషన్‌కు మూడోసారి ఇచ్చిన తేదీ ఎల్లుండి అనగా రాజ్యం, “ఇదీ వదిలేద్దాంలే,” అంది. బుల్లయ్య చీర కుచ్చిళ్లతో కళ్లు తుడుచుకున్నాడు.

ఆ సాయంత్రం రాజ్యమే పాలకు వెళ్లింది. ఆమె ఎప్పుడూ పిండే ఇత్తడి చెంబుకు అడుగున చిల్లి పడింది. దండెం కింద తడుముకుంటే ప్లాస్టిక్ బకెట్టు చేతికి తగిలింది. తీసుకుని కూర్చుంది. గేదె తన్నింది.

రాజ్యాన్ని! ఆరేళ్లుగా మేత వేసిన మనిషిని!

“ఓసి నీ దుంపతెగ! నేనే!” అని అరిచింది రాజ్యం. తర్వాత దొర్లిపోతున్న బకెట్టు చప్పుడు వింటూ అలాగే కూర్చుంది. “ఏమయ్యా, ఈ బకెట్టు ఎక్కడిది?”

“బండివాడి దగ్గర కొన్నా. నీ చెంబు సొట్ట పెడతానని ముట్టుకోనివ్వవుగా.”

“ఎప్పుడు కొన్నావ్?”

బుల్లయ్య నోరు తెరిచాడు. మీసం లేని ముఖం ఇంకా తెల్లబోయింది. “నువ్వు చీరాల ఎళ్లిన రోజు.”

పసుపుపచ్చ బకెట్టు. ఇన్నాళ్లూ మేమందరం గేదెను చూశాం, మనిషిని చూశాం. బకెట్టును ఎవరు చూస్తారు? నేను పరుగున మా ఇత్తడి చెంబు తెచ్చాను. బుల్లయ్య మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. గేదె చెవులు ఆడించింది, ఒకసారి నిట్టూర్చింది, చేపింది.

రాజ్యం ఆపరేషన్‌కు వెళ్లింది.

కట్టు విప్పాక, నల్లద్దాలు పెట్టుకుని ఆటో దిగి, దొడ్డి గుమ్మం దగ్గరే నిలబడి చూసింది. పాలు పిండుతున్న ఆడమనిషిని చూసి, “ఎవరమ్మా అది?” అంది.

“నేనేనే!”

“బకెట్టు సంగతి తేలింది కదయ్యా, ఇంకా చీరెందుకు?”

“ఏమో! చెంబుకి చేపిందో, చీరకి చేపిందో, మీసం లేనందుకు చేపిందో! ఒకటి తీసేస్తే మళ్లీ తంతే? నీ కన్ను నయమయ్యేదాకా ఏదీ కదిలించకూడదనుకున్నా.”

రాజ్యం అద్దాలు కాస్త పైకెత్తి, చెంగు చూసింది. అంచు చూసింది.

“ఇది పాతది కాదు. నేను ఒక్కసారైనా కట్టని చీరాల చీర.”

“నువ్వేగా తీసిచ్చావ్?”

“నాకు కనపడిందా ఏంటి?” అంది రాజ్యం. తర్వాత ఆలోచనలో పడింది. “అయితే దీనికి నా వాసనే లేదుగా!”

ముగ్గురం గేదె వంక చూశాం. అది నెమరు వేసుకుంటోంది. బుల్లయ్య చీర విప్పేద్దామని లేచాడు.

“ఉండు,” అంది రాజ్యం. “ఇంకా నాలుగు రోజులు వంగొద్దన్నారు.”