కోడూరు టవర్ కింద పావుగంట

నా చిన్నప్పటి ఆ కార్తీక ఆదివారం కంపెనీ జీపులో మేం నలుగురం ఉన్నాం. స్టీరింగు ముందు నాన్న, పక్కన అమ్మ, అమ్మ ఒళ్లో మూడేళ్ల చెల్లి, వెనక నేను. నా చుట్టూ పులిహోర గిన్నె, మంచినీళ్ల క్యాను, చాప, చెల్లి ఎర్ర బకెట్టు, తాడు చుట్ట, నాన్న నడుముకి కట్టుకునే బెల్టు, స్పానర్ల సంచి, ఒక మీటరు. మొదటి నాలుగూ పాలకాయతిప్ప బీచికి, మిగతా నాలుగూ ఉద్యోగానికి. రెండు రకాల సామానూ ఒకే జీపు ఎక్కడం మా ఇంట్లో మామూలే.

నాన్న సెల్ టవర్ల టెక్నీషియన్. బందరు నుంచి దివిసీమ చివరి దాకా ఉన్న టవర్లు చూసుకునేవాడు. విజయవాడ ఆఫీసులో కుర్చీ ఉద్యోగం ఇస్తామంటే వద్దన్నాడు. రాత్రి భోజనానికి మా ముగ్గురి కంచాల పక్కన తన కంచం ఉండాలన్నది ఆయన లెక్క. చెల్లికి జడ వేసేది ఆయనే. గ్రీజు పోయేలా సబ్బుతో చేతులు రుద్దుకుని మరీ దువ్వెన పట్టుకునేవాడు. సెలవు రోజు టవర్ నుంచి కబురొస్తే మమ్మల్ని ఇంట్లో వదిలి వెళ్లలేక వెంట తీసుకెళ్లేవాడు. మా చిన్ననాటి ఫోటోల్లో చాలావాటి వెనక ఏదో ఒక టవర్ కాలు కనిపిస్తుంది.

అంతకు ముందు రోజు గట్టిగా గాలి వీచింది. టవర్ మీద డప్పులా గుండ్రంగా ఒక డిష్ ఉంటుంది. అది దూరంగా ఉన్న ఇంకో టవర్ డిష్‌ని సూటిగా చూస్తూ ఉండాలి. కోడూరు డిష్ అవనిగడ్డ డిష్‌ని చూడాలి. గాలికి ఆ చూపు తప్పి, కోడూరు చుట్టుపక్కల ఊళ్లలో సెల్ ఫోన్లన్నీ మూగబోయాయి. పని ముగించుకుని సాయంత్రానికి బీచికి వెళ్దామని నాన్న అమ్మని ఒప్పించాడు.

అవనిగడ్డ టవర్ దగ్గర పెడన మావయ్య ఉన్నాడు. వాళ్లది తరతరాలుగా కలంకారీ అచ్చులు అద్దే ముస్లిం కుటుంబం. మావయ్య అచ్చులు వదిలి టవర్లెక్కాడు. మాకు చుట్టం కాదు. కానీ నాన్నా ఆయనా ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవాళ్లు. అమ్మ ఆయనకి చెల్లెమ్మ.

చిక్కేమిటంటే కోడూరు వైపు సెల్ ఫోన్లు లేవు కాబట్టి, పని జరుగుతున్నంతసేపూ ఇద్దరూ మాట్లాడుకోలేరు. అందుకని నాన్న కోడూరులో ఎస్టీడీ బూతు దగ్గర జీపు ఆపి, అవనిగడ్డ టవర్ పక్కనున్న కొట్టుకి ఫోన్ చేశాడు. నేను రిసీవర్‌కి చెవి ఆనించి నిలబడ్డాను.

"సముద్రం చూపిస్తానని చెల్లెమ్మని టవర్ దగ్గరికి తీసుకొచ్చావంట. పెళ్లిరోజుకి జనరేటర్ చూపిస్తావా బావా?" అన్నాడు మావయ్య.

"ముందు నీ గడియారంలో ఎంతయిందో చెప్పు."

మావయ్య చెప్పాడు. నాన్న తన గడియారాన్ని దాని ప్రకారం తిప్పుకున్నాడు. "పన్నెండింటికి నేను మొదలెడతాను. పావుగంట నేను డిష్ తిప్పుతా, నువ్వు నీది ముట్టుకోవద్దు. తర్వాతి పావుగంట నువ్వు తిప్పు, నేను ముట్టుకోను. కుదిరేదాకా అంతే."

"మధ్యలో చెయ్యి దురద పెడితే?"

"పెడితే ఇద్దరం తెల్లారిందాకా ఒకళ్లనొకళ్లు వెతుక్కుంటా ఉంటాం."

పైకెక్కేటప్పుడు గడియారం ఇనుప చువ్వలకి తగులుతుందని తీసి నాకు పెట్టాడు. అది నా మోచేతి దాకా జారింది. వంతులు చెప్పే పని నాదే అన్నాడు.

టవర్ రొయ్యల చెరువుల మధ్య ఉంది. కింద గదిలో సిగ్నల్ ఎంతుందో అంకెల్లో చూపే మీటరు తగిలించి నన్ను దాని ముందు కూర్చోబెట్టాడు. నేను అంకె చదివితే, అమ్మ గుమ్మంలో నిలబడి అదే అంకెని ఆకాశంలోకి అరిచేది. "కూరగాయల బండివాడు కూడా ఇంత గొంతు చించుకోడండీ," అని మధ్యమధ్య తన మాట కూడా కలిపేది. పైనుంచి నాన్న నవ్వు వినిపించేది. పావుగంట అయ్యేసరికి అంకె కొంత పెరిగి ఆగింది. నాన్న బోల్టు బిగించి దిగి వచ్చాడు.

ఇప్పుడు మావయ్య వంతు. నాన్న నా పక్కన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి అంకె తగ్గడం మొదలైంది. మేం సంపాదించినదంతా కళ్లముందే పోతోంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. తొందరగా పైకెక్కి ఇంకొంచెం తిప్పమని నాన్న చొక్కా పట్టుకుని లాగాను.

"కదలకూడదు కన్నా. తగ్గుతోందంటే మావయ్య అక్కడ తిప్పుతున్నట్టే. తప్పు వైపు వెళ్లాడు, తన మీటరు చూసుకుని వెనక్కొస్తాడు. ఈలోగా నేను కూడా తిప్పాననుకో, ఎవరి వల్ల తగ్గిందో ఇద్దరికీ తెలియదు."

అమ్మ పులిహోర పెట్టింది. నాన్న మీటరు మీంచి కళ్లు తియ్యకుండా తిన్నాడు. అప్పుడు అంకె మెల్లగా పెరగసాగింది. మేం ముగ్గురం ఏమీ చెయ్యడం లేదు. చెల్లి నిద్రపోతోంది. కంటికి కనిపించనంత దూరంలో ఒక మనిషి స్పానరు తిప్పుతున్నాడు, ఇక్కడ అంకె పెరుగుతోంది. ఇంకో రెండు వంతులు అయ్యాక నాన్న జేబులో ఫోన్ మోగింది.

"కనిపించావు బావా," అన్నాడు మావయ్య.

పాలకాయతిప్ప చేరేసరికి మధ్యాహ్నం బాగా వాలింది. కార్తీక మాసం కాబట్టి బీచంతా జనం. సరుగుడు తోట అంచున, జీపు పక్కనే చాప పరిచాం. నేను ఎర్ర పీతల వెంట పడ్డాను. ఒకటి కన్నంలోకి దూరితే ఇంకోటి కనిపించేది. తలెత్తి చూస్తే చాప లేదు, జీపు లేదు, ఒక్క తెలిసిన ముఖమూ లేదు. సరుగుడు చెట్లన్నీ ఒకేలా ఉన్నాయి.

ఏడవబోయి మోచేతి మీదున్న గడియారం చూశాను. దాదాపు ఐదు. నేను లేనని తెలియగానే నాన్న వెతుకుతాడు. అంటే ఇది ఆయన వంతు. నేను కదిలితే ఇద్దరం ఒకళ్లనొకళ్లు దాటుకుంటూ పోతాం. ఉన్నచోటే ఇసకలో కూర్చున్నాను.

ఎండుచేపలు అమ్మే ఒక ముసలావిడ బుట్ట దించి నన్ను చూసింది.

"తప్పిపోయావా నాయనా?"

"లేదండి. మా నాన్న వెతుకుతున్నాడు."

"అయితే తప్పిపోయినట్టే కదయ్యా. రా, మైకులో చెప్పిద్దాం."

"రానండి. ఇది మా నాన్న వంతు. పావుగంట నేను కదలకూడదు."

ఆవిడ నవ్వలేదు. "ఈ సంగతి మీ నాన్నకి తెలుసా మరి?" అంది.

నాన్నకి తెలియదు. ఇక్కడ బూతు లేదు, ఫోన్ లేదు, మేం ముందుగా ఏమీ అనుకోలేదు. పొద్దు దిగుతోంది, జనం బస్సుల వైపు నడుస్తున్నారు. ప్రతి నిమిషానికీ నా చుట్టూ మనుషులు తగ్గుతున్నారు. తగ్గుతోందంటే వెతుకుతున్నట్టే అని నాలో నేను అనుకుంటూ కూర్చున్నాను. ఆవిడ బుట్టని ఆనుకుని నా పక్కనే కూర్చుంది.

పావుగంట అయింది. నాన్న రాలేదు. లేచి నిలబడి, "ఇప్పుడు నా వంతండి," అన్నాను. ఆవిడ బుట్ట నెత్తిన పెట్టుకుని నా వెంట నడిచింది. తోట అంచు పట్టుకుని మొదట తప్పు వైపు వెళ్లాను. పడవలు కనిపించాయి. మేం చాప పరిచిన చోట పడవలు లేవు. వెనక్కి తిరిగి నడుస్తుంటే దూరంగా, మనుషుల తలల మీద, చెల్లి ఎర్ర బకెట్టు కనిపించింది.

నాన్న జీపు బానెట్ మీద నిలబడి, బకెట్టుని తలపైకెత్తి పట్టుకుని ఉన్నాడు. కింద అమ్మ చెల్లిని చంకనేసుకుని ఏడుస్తూ బానెట్ మీద కొడుతోంది. "దిగండి, వెళ్లి వెతకండి," అంటోంది. నాన్న దిగడం లేదు. ఆయన మాట నాకు దగ్గరికొచ్చాక వినిపించింది.

"నా వంతు అయిపోయింది. ఇప్పుడు వాడి వంతు. గడియారం వాడి దగ్గరుంది."

దారినపోయే వాళ్లని టైము అడుగుతూ పావుగంట వెతికి, నేను కనబడక, వెనక్కొచ్చి అక్కడ నిలబడ్డాడని అమ్మ తర్వాత చెప్పింది. చెప్పిన ప్రతిసారీ కోపంగానే చెప్పింది.

నన్ను చూసి నాన్న దిగాడు. బకెట్టు పక్కన పెట్టి ఇసకలో నా ముందు కూర్చున్నాడు. అమ్మ నన్ను ఒక దెబ్బ వేసి గట్టిగా పట్టుకుంది. ముసలావిడ, "మీవాడు నన్ను కూడా కదలనివ్వలేదండీ," అని చెప్పి వెళ్లిపోయింది.

బందరుకి తిరుగు దారిలో అమ్మ చెల్లిని ఎత్తుకుని వెనక నా పక్కన కూర్చుంది. కోడూరు దాటాక నాన్న అద్దంలోంచి నన్ను చూశాడు.

"భయమేసిందా?"

"వేసింది."

"నాకూ," అన్నాడు.

నాన్న రెండేళ్ల క్రితం పోయాడు. గుండెపోటు. చెల్లికి జడ వేసే వయసు దాటినా, పోయిన రోజు ఉదయం దాని కూతురికి రెండు జడలు వేశాడు. ఇప్పుడు అమ్మ చెల్లి దగ్గర రాజమండ్రిలో ఉంటోంది. నేను గుడివాడలో ఒక గది తీసుకుని, ఏవేవో ఊళ్ల టవర్లు పనిచేస్తున్నాయో లేదో తెర మీద చూసే ఉద్యోగం చేస్తున్నాను. ఏ లింకు పడిపోయినా నాకు తెలుస్తుంది. నా గదికి మాత్రం చాలా రోజులు ఎవరూ రారు. ఒక ఆదివారం చెల్లి ఫోన్ చేస్తుంది, తర్వాతి ఆదివారం నేను చేస్తాను. దాని వంతు నాడు ఫోన్ రావడం ఆలస్యమైతే నేను చెయ్యను. ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంటాను. అది ఎక్కడో పనిలో ఉండి, తీరిక వెతుక్కుంటూ ఉంటుందని అనుకుంటాను. ఇప్పటిదాకా ప్రతిసారీ వచ్చింది.

నాన్న విషయంలో ఇప్పుడు ఎవరి వంతో నాకు తెలియదు. ఆయన పోయిన కొత్తలో చాలా తిరిగాను. బందరు, అవనిగడ్డ, పెడనలో మావయ్య ఇల్లు. మావయ్య నన్ను చూసి పక్కన కుర్చీ వేసేవాడు. ఈ మధ్య తిరగడం మానేశాను.

మొన్న ఆదివారం మాత్రం బండి మీద కోడూరు వెళ్లాను. టవర్‌కి ఇప్పుడు భూమిలోంచి కేబుల్ వచ్చింది, డిష్‌తో పనిలేదు. దాన్ని దింపే ఖర్చు ఎందుకని వదిలేశారు. తుప్పు పట్టి, కాకి రెట్టలతో అక్కడే ఉంది. దాని కింద, అది చూసే వైపే చూస్తూ, పావుగంట కదలకుండా నిలబడ్డాను. రొయ్యల చెరువుల్లో నీళ్లు చిలికే ఏరేటర్లు తిరుగుతున్నాయి. ఎవరూ రాలేదు. వెళ్లే ముందు ఫోన్‌లో దిక్సూచి తెరిచి డిష్ ఎటు చూస్తోందో కొలిచాను. తర్వాత మ్యాపులో అవనిగడ్డ టవర్ దాకా గీత గీసి దాని దిక్కునీ కొలిచాను.

రెండూ రెండు వందల ఎనభై ఒక్క డిగ్రీలు.