ఉయ్యాలకు కట్టిన రెండో సీడీ

పాప నిద్రపోయింది కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను: నిరుడు మాదాపూర్‌లో మా చిన్న కంపెనీని నట్టేట ముంచబోయింది వైరస్ కాదు, నేనే. నవ్వుకోండి, ఫరవాలేదు. కానీ చివరిదాకా విని నవ్వండి.

అప్పుడే ప్రసవం సెలవు ముగించుకుని వచ్చాను. మా టీమ్ లీడర్ మూర్తిగారు, "సోమవారం క్లయింటు వస్తున్నాడండి. లైనక్స్ మీద మ్యాపులు చూపించే ప్రోగ్రాం నడవాలి. చంటిపిల్లతో మీకు కష్టమేమో, మీ సెలవులో మీ కుర్చీలో కూర్చున్న సురేష్‌కి ఇచ్చేస్తాను" అన్నారు.

"ఇవ్వకండి. నేనే చేస్తాను."

లైనక్స్ అంటే విండోస్‌కి బదులు కంప్యూటర్ని నడిపేది. దాని మీది ఆ ప్రోగ్రాం ఊరికే దొరుకుతుంది గానీ వండిపెట్టినది కాదు. సరుకులిస్తారు, కంపైల్ అనే వంట మనమే చేసుకోవాలి. పొయ్యి వెలిగించానో లేదో, ఫలానా లైబ్రరీ లేదంది. లైబ్రరీ అంటే పుస్తకాలది కాదండోయ్, ఈ ప్రోగ్రాంకి సాయంపట్టే ఇంకో ప్రోగ్రాం. ఇంటర్నెట్ సెంటర్‌కి పరుగెత్తి ఫ్లాపీలో తెచ్చాను. వచ్చినది ఊరుకుందా? తనకి ఇంకోటి కావాలంది. పెళ్లికి ఒకాయన్ని పిలిస్తే బావమరిది, బావమరిదికి తోడల్లుడు, తోడల్లుడికి మేనత్త! మేనత్త దాకా వచ్చేసరికి ఫ్లాపీ చెడిపోయింది.

"పోనీ, సురేష్‌ని పిలవనా అండి?" అన్నారు మూర్తిగారు.

"పిలిస్తే రాజీనామా చేస్తాను!"

అనేసి, చెడిపోయిన ఫ్లాపీనే మళ్లీ దూర్చి చూశాను.

ఆదివారం ఇంట్లో దిగాలుగా కూర్చున్నాను. అత్తమ్మ ఉయ్యాల ఊపుతోంది.

"ఏందే, ముఖం గిట్ల పెట్టినవ్? ఫికర్ జెయ్యకు. జర పోరిని చూడు, ఆ తళతళలాడే బిళ్ల చూస్తే చాలు, ఏడుపు బంద్!"

ఆ బిళ్ల నేను కట్టిందే. కంప్యూటర్ పత్రికతో రెండు సీడీలు వచ్చాయి. మొదటిదానితోనే ఆఫీసు కంప్యూటర్లో లైనక్స్ ఎక్కేసింది. రెండోది దండగ అనుకుని, మధ్యలో చిల్లు కూడా వాళ్లే పెట్టి పంపారు కదా అని, దారం ఎక్కించి ఉయ్యాలకు కట్టాను. ఇప్పుడది మెల్లగా తిరిగింది. దాని మీద ఇంగ్లీషులో పెద్దక్షరాలు: అదనపు లైబ్రరీలు.

బావమరిది, తోడల్లుడు, మేనత్త, అందరూ నా కూతురి ముక్కు మీదే ఊగుతున్నారు!

"అయ్యో, తెంపుతున్నవేందే! పోరి ఏడుస్తది!"

"ఏడవనీ అత్తమ్మా. లేకుంటే రేపు నేనేడవాలి."

పాప ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. ఆ కంగారులో రెండోదాని జాగాలో మొదటి సీడీ కట్టేశాను. దాని పని అయిపోయింది కదా!

సోమవారం మ్యాపులు తెరమీద మెరిశాయి. నేను సురేష్ వైపు చూసిన చూపు మీరు చూడాల్సింది. క్లయింటు ముచ్చటపడి, తను తెచ్చుకున్న కంప్యూటర్లోనూ అంతా ఇప్పుడే ఎక్కించమన్నాడు.

మూర్తిగారు చెయ్యి చాపారు. "లైనక్స్ సీడీ ఇవ్వండి మేడమ్."

"ఇంట్లో ఉందండి."

"ఇంట్లో ఎక్కడ?"

తల దించుకోలేదు. "ఉయ్యాలకి కట్టానండి. ఆటోలో వెళ్లి విప్పుకొస్తాను. ఈలోగా సురేష్‌ని మాత్రం పిలవకండి!"

సీడీ తెచ్చి ఆ కంప్యూటర్లోనూ నేనే ఎక్కించాను లెండి. పాప తలమీద చెయ్యి పెట్టి ఒట్టు వేద్దామంటే లేచి కూర్చుంటుంది. అందుకని ఈ కలం మీద ప్రమాణం చేస్తున్నాను: మీద ఏం రాసుందో చదవకుండా ఈ జన్మలో మళ్లీ ఏ సీడీనీ ఉయ్యాలకు కట్టను. ఆఫీసులో నా కుర్చీ సంగతంటారా? సురేష్‌కి అసలే ఇవ్వను.